పాదరస క్షితిజము: లాసా యక్షాంశ సాధనము

సూర్యసిద్ధాంతము శంకుస్థాపనమునకు ముందు శిలాతలమును నీటితో సమము చేసికొనవలెనని విధించుచున్నది. ఛాయ నెంత సూక్ష్మముగాఁ గొలిచినను, అడుగుతలము వాలియున్నచో ఫలము తప్పును. 1866లో లాసా యక్షాంశమును సాధించిన పండిత నయనసింగునకును మొదట వలసినది యీ సమతలమే.

నయనసింగు కుమాయూను సీమలోని మిలం గ్రామమునఁ బాఠశాలోపాధ్యాయుఁడు. టిబెట్టున ఐరోపీయులకుఁ బ్రవేశము నిషిద్ధమై యుండుటచే, మహాత్రికోణమితి సర్వే శాఖకుఁ జెందిన మాంట్‌గొమరీ యతనిని శిక్షితునిఁ గావించి 1865లోఁ బంపెను. 108 పూసలకు మాఱుగా 100 పూసలుగల జపమాలతో నతఁడు అడుగులు లెక్కించుచు నడిచెను. సెక్స్టంటు పెట్టెలోని రహస్యపుటరలో నుండెను. పాదరసము గవ్వలలో నుండెను.

సముద్రమున నావికుఁడు సూర్యునకును క్షితిజరేఖకును నడిమి కోణమును గొలుచును. పర్వతావృతమైన దేశమున నట్టి రేఖ కానరాదు. పాత్రలోఁ బోసిన పాదరసము తనంతన సమతలమగును. ఆకాశమందలి సూర్యునకును రసమందలి ప్రతిబింబమునకును గల కోణము ఉన్నతాంశమునకు రెట్టింపు. యంత్రదోషమును దీసివేసి, సగము చేసి, వక్రీభవనాదులను సంస్కరించినచో నున్నతాంశము లభించును. కొలఁతలోని పొరపాటును సగమగును. యంత్రము సుమారు 120 భాగములకు మించి కొలువఁజాలదు గావున, 60 భాగములకుఁ బైనున్న జ్యోతిస్సు దీని కందదు. 1866 జనవరిలో లాసాయందు మధ్యాహ్నసూర్యుఁడు 40 భాగముల ప్రాంతముననే యుండుటచే నీ చిక్కు లేకుండెను.

రసమునకు గాలి శత్రువు. తలము చలించినఁ బ్రతిబింబము చెదరును. భోటీయులు నడుమునఁ దాల్చు లోఁతైన కొయ్యగిన్నె యిందుల కుపకరించెను. అది యెవరికిని అనుమానము గొల్పునది కాదు. త్రోవలో నొక యధికారి కోరఁగా లాంతరు నిచ్చివేయవలసివచ్చెను. అటుపిమ్మటఁ గొన్నిచోట్ల నతఁడు రాత్రి నక్షత్రమును గొలిచి, యంత్రమును గదలకుండ దాఁచి, తెల్లవాఱినపిదప నంకెను జదివెను.

అడుగుల లెక్కలోని తప్పు దినదినమును బేరుకొని కడపటి మజిలీదాఁక వెంటనంటును. అక్షాంశ మట్లు గాదు. ప్రతిస్థలమునను ఆకాశమునుండి క్రొత్తగాఁ దీయఁబడునది. అందుచే 31 స్థలముల యక్షాంశములు అడుగుల లెక్కకు సాక్షులైనవి. రేఖాంశమునకు మాత్ర మీ సహాయము లేదు. తూర్పుపడమరల దూరము అడుగులమీఁదను దిక్సూచిమీఁదను ఆధారపడెను.

లాసా యక్షాంశముగా వచ్చిన ఫలము 29 భాగముల 39 కలల 17 వికలలు. నేఁటి కొలఁతలును 29 భాగముల 39 కలల సమీపముననే యున్నవి. 1868లో వెలువడిన వృత్తాంతమున నతని పేరు లేదు. రహస్యరక్షణార్థము ‘పండితుఁ’డని మాత్రమే యుండెను. 1877లో రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ యతనికి స్వర్ణపతక మొసంగెను. పేరు మఱుఁగున నున్న యా కాలమునందే యతని యంకెలు పటముల కెక్కినవి.