మాస్టర్ దొర చేసిన కన్యాదానం

మన ఎ.కొండూరు నుంచి నూజివీడు మీదుగా వెళితే మల్లవల్లి వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో అక్కడ వజ్రాల గనులుండేవి. 1679లో బందరు కోఠీ తనిఖీకి వచ్చిన మద్రాసు గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ ఆ గనులు చూసి డైరీలో రాసుకున్నాడు. మరుసటి ఏడాది ఆయనే మద్రాసు కోటలో ఓ పెళ్లికూతురిని దగ్గరుండి వరుడికి అప్పగించాడు. ఆ సంగతి చర్చి రిజిస్టరుకెక్కింది.

బాప్తిస్మం, పెళ్లి, ఖననం ఏది జరిగినా ప్రతి చర్చీ పుస్తకంలో ఎక్కించాలని ఇంగ్లండులో 1538లో థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడ వంశాలు వెతికేవాళ్లకు ఆ రిజిస్టర్లు, వీలునామాలే దిక్కు. కాకపోతే ఒక చిక్కుంది. 1752కు ముందు వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అది మరిచి చదివితే, జూన్‌లో పెళ్లయిన జంటకు అదే ఏడాది ఫిబ్రవరిలో బిడ్డ పుట్టినట్టు కనిపించి లేనిపోని అనుమానాలొస్తాయి.

ఆ అలవాటే ఈస్టిండియా కంపెనీ వాళ్లతో పాటు మద్రాసుకు ఓడెక్కి వచ్చింది. కోటలో సెయింట్ మేరీస్ చర్చి 1680 అక్టోబరు 28న ప్రారంభమైతే, నవంబరు 4న అందులో మొదటి పెళ్లి. వరుడు కంపెనీ ఉద్యోగి ఎలిహు యేల్. వధువు కేథరిన్, ఆ ఏడాదే పోయిన జోసెఫ్ హిన్మర్స్ భార్య, నలుగురు కొడుకుల తల్లి. యేల్ 1687లో గవర్నరయ్యాడు. ఆ దంపతుల కొడుకు డేవిడ్ నాలుగేళ్లు నిండకుండానే పోయాడు. వాణ్ని తల్లి మొదటి భర్త సమాధిలోనే పూడ్చారు. మద్రాసు హైకోర్టు పక్కన, పాత లా కాలేజీ ఆవరణలోని సమాధి అదే. వరస ఏమైనా, ఇల్లు ఒక్కటే అనుకున్నారు కాబోలు!

కాపురం ఎలా సాగిందో తెలియాలంటే మాత్రం వీలునామా దాకా రావాలి. 1721లో లండన్‌లో పోయిన యేల్, తన ముసాయిదాలో భార్యను దుర్మార్గురాలని తిట్టి, ఆమెకు ఎంత ఇచ్చేదీ రాయకుండా ఖాళీ వదిలేశాడని చెబుతారు. అమెరికాలో ఒక కాలేజీకి మాత్రం తొమ్మిది బేళ్ల సరుకు, పుస్తకాలు పంపాడు. 1718లో దానికి ఆయన పేరే పెట్టారు.

అదే 1680 మార్చిలో కంపెనీ ప్రధాన వర్తకుడు, మనవాడు కాశీ వీరన్న పోయాడు. కోట మీద 30 ఫిరంగులు పేల్చారు. ఒక భార్య సహగమనం చేస్తానంటే ఆ మాస్టరే అడ్డుపడ్డాడు. వీరన్నకు చర్చి పుస్తకంలో చోటెక్కడిది? ఆయన చావు కబురు కోట కౌన్సిలు మినిట్స్‌లో, బట్టల బేరాల మధ్య దొరుకుతుంది.

మన పల్లెల్లో మామూలు కుటుంబానికి ఆ మినిట్స్ కూడా లేవు. దేవుడి మాన్యమో, కరణం మాన్యమో ఉన్నవాళ్లకు 1858 తర్వాతి ఇనాం రిజిస్టరుంది. అందులో మాన్యం ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారు అన్నీ ఉంటాయి. సెంటు భూమి లేకపోయినా తాతలెవరైనా కాశీకో గయకో వెళ్లి ఉంటే, అక్కడి పండాల పుస్తకాలు తిరగేయించవచ్చు. వాళ్లు ముందు అడిగేది ఊరూ ఇంటిపేరూ.