మిరుగు నాటి చేప, ఏడాది పొడుగునా ఉబ్బసం

జూన్ మొదటి వారం దాటుతుండగానే సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగే జనం తీరు మారిపోతుంది. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు, చంకలో పిల్లలు, చేతిలో గుడ్డ సంచులు. ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకుని ఊపిరి కూడదీసుకునేవాళ్లు కొందరు. బయట ఆర్టీసీవాళ్ల ప్రత్యేక బస్సులు. అందరూ అడిగేది ఒక్కటే: చేప మందు ఎక్కడ?

మృగశిర కార్తె ప్రవేశించే రోజును తెలంగాణలో మిరుగు అంటారు. రోహిణి ఎండలు వెళ్లి తొలకరి పలకరించే సంధికాలం అది. ఆ రోజు చేపల కూర వండని మాంసాహారుల ఇల్లు అరుదు. చేప ముట్టనివాళ్లు ఇంగువను బెల్లంలో పెట్టి మింగుతారు. రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. ఒళ్లు కాలానికి తగ్గట్టు మారాలన్నది పెద్దల నమ్మకం. గాలిలో తేమ పెరిగి, గోడలకు బూజు పట్టే ఈ రోజుల్లో ఉబ్బసం తిరగబెట్టే మాట మాత్రం నిజమే. ఉబ్బసానికి ఇచ్చే చేప మందు ఈ ఆచారంలోకే వచ్చి కూర్చుంది.

ఆ మందు పంచే బత్తిని కుటుంబం చెప్పే కథ 1845 నాటిది. పాతబస్తీ దూద్‌బౌలిలో ఉండే వీరన్న గౌడ్ వానలో తడిసిన ఓ సాధువును ఆదరించాడట. సాధువు ఆయన ఇంటి బావి నీళ్లను మంత్రించి, ఈ మందు రహస్యం చెప్పి, పైసా తీసుకోకుండా పంచమని మాట తీసుకున్నాడట. కథ సంగతి ఎలా ఉన్నా, పైసా తీసుకోని నియమం తరాలు దాటి నిలిచింది. దూద్‌బౌలి ఇంటి ముందు పట్టని జనం తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి చేరారు. 2012లో కాటేదాన్‌లో పంచినప్పుడు తొక్కిసలాట జరిగి ఒకరి ప్రాణం పోయింది. కోవిడ్‌తో మూడేళ్లు ఆగి, 2023లో మళ్లీ మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులోనే కుటుంబ పెద్ద హరినాథ్ గౌడ్ కన్నుమూశారు.

పంపిణీ చూడాల్సిందే. మత్స్యశాఖ కౌంటర్లో కొన్న వేలెడంత కొర్రమీను పిల్ల నీళ్ల కవర్లో గిలగిల్లాడుతూ ఉంటుంది. పంచేవాళ్లు దాని నోట్లో పసుపుపచ్చని ముద్ద కుక్కి, మనిషి నోరు తెరిపించి గొంతులోకి జార్చేస్తారు. మింగలేక మొరాయించే పిల్లలకు ముక్కు మూస్తారు. శాకాహారులకు అదే ముద్దను బెల్లంలో పెట్టి ఇస్తారు. అక్కడితో అయిపోదు. వరుసగా మూడేళ్లు రావాలి, నలభై అయిదు రోజులు పథ్యం పాటించాలి, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో మందు మళ్లీ వేసుకోవాలి. ఏ రోజు ఏం చేయాలో, ఏం తినకూడదో ఇంత వివరంగా చెప్పి పంపే ఓపిక మన ఆసుపత్రుల్లో ఎందరికుంది?

అయితే ఆ ముద్దలో ఏముందన్నది కుటుంబ రహస్యం. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. శాస్త్ర ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక ఆ రుజువు చూపమని ఏళ్ల తరబడి అడిగింది, కోర్టులకు వెళ్లింది. మందుల చట్టం నిబంధనల్లో షెడ్యూల్ ‘జె’ అని ఒకటుంది. ఫలానా జబ్బులను నయం చేస్తుందని ఏ మందు గురించీ చెప్పుకోకూడదనే జాబితా అది. అందులో ఉబ్బసం ఉంది. మందు అన్న మాట పోయి ‘చేప ప్రసాదం’ అన్న పేరు వచ్చాక ప్రశ్నించడం మరీ కష్టమైంది. ప్రసాదాన్ని ప్రయోగశాలకు ఎవరు పంపుతారు?

రహస్యం విప్పితే ఏమవుతుందో చెప్పే కథ మన పక్కనే, మద్రాసులో జరిగింది. అక్కడి జనం ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చేవారు. అక్కడ పెద్ద వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ ద్వారా ఆ సంగతి తెలుసుకున్న జనరల్ జెంట్ 1802లో దాన్ని బ్రిటన్‌కు చేర్చాడు. ఆ తర్వాత శతాబ్దానికి పైగా అక్కడ ఉమ్మెత్త సిగరెట్లు అమ్ముడుపోయాయి. ఉమ్మెత్త విషం, మోతాదు మించితే చంపుతుంది. కానీ దాన్ని దాచకుండా విడదీసి చూశారు కాబట్టే అందులోని అట్రోపిన్ బయటపడింది, దాన్ని మార్చి చేసిన ఇప్రట్రోపియం ఈనాటి నెబ్యులైజర్లలోకి వచ్చింది. పొగ పీల్చమని ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పడు.

సికింద్రాబాద్‌లో 1851లో చిన్న దవాఖానగా మొదలైన గాంధీ ఆసుపత్రికీ వీరన్న గౌడ్ కథకూ మధ్య తేడా ఆరేళ్లే. ఇన్‌హేలర్ వచ్చింది మరో శతాబ్దం తర్వాత. అమెరికాలో రైకర్ మందుల కంపెనీ అధిపతి కూతురు, పదమూడేళ్ల ఉబ్బసం రోగి, తన మందు సెంటు స్ప్రేలా ఎందుకు ఉండకూడదని అడిగింది. 1956లో అది మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర దాని చుట్టూ భయాలే ఎక్కువ: అలవాటైపోతుంది, ఆఖరి మందు, ఆడపిల్ల ఇన్‌హేలర్ వాడుతుందని తెలిస్తే సంబంధాలు రావు. డబ్బా కొన్నవాళ్లలోనూ దాన్ని ఊపకుండా, ఊపిరి బయటికి వదలకుండా, నొక్కి పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టకుండా వాడేవారు చాలామంది. మందు గొంతులోనే అతుక్కుపోతుంది, “పనిచేయట్లేదు” అంటారు. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే సాల్బుటమాల్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దని, వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా ఉండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ మాట ఎంత మంది చెవిన పడింది?

ప్రపంచ ఉబ్బసం రోగుల్లో సుమారు 13 శాతం మన దేశంలో ఉంటే, ఉబ్బసం మరణాల్లో 42 శాతం ఇక్కడే జరిగాయని 2019 నాటి అంతర్జాతీయ అంచనా. 1998 నుంచి మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం జరుపుతున్నారు. మిరుగుకు దాదాపు నెల ముందు. ఆసుపత్రి గోడకు ఓ బ్యానర్, ఓ ర్యాలీ. ఆ రోజు రాని జనం ఎగ్జిబిషన్ మైదానానికి తమంతట తామే వస్తున్నారు, గంటల తరబడి వరుసల్లో నిలబడుతున్నారు. అక్కడ ప్రభుత్వ వైద్య శిబిరాలు, అంబులెన్సులు ఎలాగూ ఉంటాయి. ఆ శిబిరం ముందు ఒక బల్ల, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్లు నాలుగు, హిందీ, మరాఠీ, తెలుగు మాట్లాడే ఇద్దరు నర్సులు చాలు. చేప మింగొద్దని వాదనకు దిగనక్కర్లేదు. మీ ఇన్‌హేలర్ తీసి ఒకసారి పీల్చి చూపించండి, ఇంటికెళ్లాక దాన్ని మానేయకండి అని చెప్పాలి. పథ్యం కాగితంతో పాటు ఆ మాట రాసిన చీటీ కూడా వాళ్ల సంచిలో సికింద్రాబాద్‌లో రైలెక్కుతుంది.