పచ్చిక మేసి గొడ్డుపోయిన గొర్రెలు

1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియా గొర్రెల పెంపకందార్లకు అంతుపట్టని కష్టం వచ్చిపడింది. మేతకు కొదవ లేదు. క్లోవర్ పచ్చిక మేసి మందలు బొద్దుగా కనబడేవి. గొర్రెలకు చూలు మాత్రం నిలిచేది కాదు. నిలిచినవి ఈనలేక చచ్చిపోయేవి. విత్తులు కొట్టిన పొట్టేళ్ల చన్నుల్లోంచి పాలలాంటి ద్రవం కారేది!

దీనికి ఆ పచ్చికే కారణమని 1946లో బెనెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే పరిశోధకులు ప్రకటించారు. అందులో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌ను పోలిన ఐసోఫ్లేవోన్లు ఉన్నాయి. వాటిలో మొదట జెనిస్టీన్‌ను అనుమానించారు. అసలు దోషి ఫార్మోనోనెటిన్ అనీ, అది గొర్రె కడుపులో ఈక్వాల్‌గా మారి దెబ్బతీస్తోందనీ తర్వాత తేలింది.

జెనిస్టీన్ సోయా చిక్కుడులోనూ ఉంది. భయానికి ఆ పోలిక చాలింది. మా ఇంట్లో సోయాతో చేసిన మీల్ మేకర్ వండే రోజు, వేడినీళ్లలో ఉబ్బిన ముక్కలను గుప్పిట్లో పిండుతుంటే, “మగపిల్లాడికి అవెందుకమ్మా?” అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాట వింటే నాకు బాధ. చవగ్గా మాంసకృత్తులిచ్చే తిండిని పిల్లల కంచంలోంచి తీసేయిస్తున్నారు. ఆ గొర్రెలకు నెలల తరబడి క్లోవర్ తప్ప వేరే మేత లేదు. మనం తినేది వారానికో కూర. పైగా ఆ ఫార్మోనోనెటిన్ సోయాలో ఉండేది అత్యల్పం. మగవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ 2010లో కలిపి చూస్తే, పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గిన దాఖలా కనబడలేదు.

ఆడవాళ్ల విషయంలో ఆ పోలిక రొమ్ము క్యాన్సర్ భయం పుట్టించింది. షాంఘైలో ఆ జబ్బుకు చికిత్స పొందిన 5,042 మంది మహిళలను గమనించి 2009లో ఫలితాలు వెల్లడించారు. సోయా ఎక్కువ తిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువే. అంతమాత్రాన సోయాయే కాపాడిందనలేం.

పొగడ్తా హద్దు దాటింది. రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద వేసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో అనుమతించింది. ఆధారాలు నిలకడగా లేవంటూ ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని 2017లో తనే ప్రతిపాదించింది.

పచ్చి గింజ సంగతి వేరు. దాన్ని తిన్న ఎలుకలు ఎదగలేదనీ, ఉడికించి పెడితే ఎదిగాయనీ ఆస్బర్న్, మెండెల్ అనే శాస్త్రవేత్తలు 1917లోనే చూపించారు. కాబట్టి సోయాను బాగా ఉడికించే తినాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దాంతోపాటే సోయా పాలు తాగొద్దు. మాత్ర ఒంటికి సరిగా పట్టదు. రెండింటి మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరునే అడగండి.