గోదారిలో దిగే మనిషికి ఏ దుస్తులు?

రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో పడవల మీద ఇసుక తీసేవాళ్లకు గోదావరి అడుగు తరతరాలుగా తెలుసు. నది మధ్యలో పడవ ఆపి వెదురు గడ ఒకటి అడుగుదాకా దింపుతారు. ఒకడు బకెట్టు పట్టుకుని గడ ఆసరాతో మునుగుతాడు. అడుగున ఇసుక నింపి తాడు కదిలిస్తే పైనున్నవాడు లాగుతాడు. ఒంటి మీద నిక్కరు తప్ప ఏమీ ఉండదు. కాకినాడ అఖాతంలో సున్నానికీ చిన్న ముత్యాలకీ ఆల్చిప్పలు ఏరినవాళ్ల సంగతీ దాదాపు అంతే. డెల్టాలో నీటి అడుగు పని ఇలా ఒట్టి ఒంటితోనే మొదలైంది. కొంతమేర నేటికీ అలాగే సాగుతోంది.

మనిషిని పొడిగా ఉంచి నీళ్లలోకి దించే దుస్తులు మాత్రం చలి సముద్రాల దగ్గర పుట్టాయి. వాటి జిప్పు, మెడపట్టీ, వాల్వు, బూటు అన్నీ ఇంగ్లండు, స్వీడన్, అమెరికా నీళ్లను చూసి కుదుర్చుకున్నవే. గోదావరిలో చలి పెద్ద సమస్య కాదు. ఇక్కడున్నవి ఒండ్రు, వడి, తెగిన వలలు, ఊళ్ల మురుగు. ఈ నదిలో ప్రాణాలు కాపాడటానికి దిగే మనిషికి ఈ నదిని చూసి కొలిచి కుట్టిన డ్రై సూటు కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందులో ఏం ఉండాలో ఆ దుస్తుల చరిత్రే చెబుతుంది.

1823లో ఇంగ్లండులో రెండు సంగతులు జరిగాయి. చార్లెస్ డీన్ పొగలో పనిచేసేవాళ్ల కోసం ఒక శిరస్త్రాణానికి పేటెంటు తీసుకున్నాడు. చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పరిచి నీళ్లు దిగని బట్టకు పేటెంటు పొందాడు. డీన్ సోదరులు ఆ శిరస్త్రాణాన్ని నీళ్లలోకి తీసుకెళ్లారు. అయితే దాని కింద చొక్కా అడుగున తెరుచుకునే ఉండేది. మనిషి తల వంచితే నీళ్లు లోపలికి వచ్చేవి. 1830ల చివరికి ఆగస్టస్ సీబే రాగి హెల్మెట్టునీ రబ్బరు బట్టనీ బోల్టులతో బిగించి, మణికట్ల దగ్గర తప్ప ఎక్కడా సందు లేని డ్రెస్సు తయారుచేశాడు. మునిగిపోయిన ‘రాయల్ జార్జ్’ యుద్ధనౌక దగ్గర కల్నల్ పాస్లీ మనుషులు దాన్ని వాడి చూశారు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ప్రపంచమంతా ఇదే డ్రెస్సు.

ఆ డ్రెస్సులో రెండు వివరాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. మణికట్టు రబ్బరు కఫ్ఫుల్లోకి చెయ్యి దూర్చాలంటే సబ్బునీళ్లు రాయాలి, సాయానికి ఇంకో మనిషి ఉండాలి. నీళ్లు ఆపేది ఆ బిగువే. రెండోది, కాళ్ల వెనక తాళ్లతో బిగించుకునే ఏర్పాటు. డైవరు పొరపాటున తలకిందులైతే లోపలి గాలంతా కాళ్లలోకి చేరి, మనిషి కాళ్లు పైకై అదుపు లేకుండా ఉపరితలానికి తన్నుకొస్తాడు. అది ప్రాణాంతకం. కాళ్లు బిగించి కడితే గాలి చేరే చోటు ఉండదు. డ్రెస్సులో అక్కర్లేని ఖాళీ ఉండకూడదన్న పాఠం ఇక్కడిది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మన గోదావరి మీద ఆ కాలపు పెద్ద పని హేవ్‌లాక్ వంతెన. 1897లో మొదలై 1900లో రైళ్లు తిరిగాయి. గ్రాన్‌విల్ వాల్టన్ ఇంజినీరు. 150 అడుగుల స్పానులు 56. వంతెన స్తంభాల కింద పునాదులు బావులు. ఇసుకలో కట్టడపు బావిని నిలబెట్టి, లోపలి ఇసుక తోడుతూ పోతే దాని బరువుకు అదే దిగుతుంది. అడుగున చెట్టు మొద్దో బండో అడ్డం పడితే బావి ఒక పక్కకు ఒరుగుతుంది. అలాంటప్పుడు హెల్మెట్టు డ్రెస్సు వేసిన డైవరును లోపలికి దించి అడ్డు తీయించడం ఆనాటి వంతెన ఇంజినీర్ల పద్ధతి. కళ్లకు ఏమీ కనిపించదు, చేతులతో తడుముకుంటూ పని చేయాలి. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెనా, 1997 నాటి ఆర్చి వంతెనా బావి పునాదుల మీద నిలబడ్డవే.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి దారి మారింది. 1943లో కూస్తో, గానియాన్ ఫ్రాన్సులో వీపు మీద మోసే సిలిండరుకు రెగ్యులేటరు కుదిర్చారు. మన పత్రికల్లో ‘ఆక్సిజన్ సిలిండర్’ అని రాస్తుంటాం, అందులో ఉండేది మామూలు గాలే, ఒత్తిడితో నింపుతారు. హెల్మెట్టుకు పైనుంచి వచ్చే గాలి గొట్టం వదిలిన మనిషికి తేలికైన బట్ట కావాలి. 1952లో కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నియోప్రీన్ వెట్ సూటు రూపొందించాడు. ఇందులో ఒళ్లు తడుస్తుంది, కానీ నురుగు రబ్బరులోని బుడగలు వేడిని పట్టి ఉంచుతాయి. వెచ్చని నీళ్లలో సరదాకు దిగేవాళ్లకు ఇదే చాలు.

పొడిగా ఉండాల్సినవాళ్లకు 1960ల్లో స్వీడన్‌లోని పోసైడన్ కంపెనీ యూనిసూట్ తెచ్చింది. నీళ్లూ గాలీ జారని జిప్పు దొరకడమే అసలు మలుపు. వ్యోమగాముల దుస్తుల కోసం తయారైన జిప్పు డైవర్ల ఒంటి మీదికి వచ్చింది. ఛాతీ మీద గాలి ఎక్కించే వాల్వు, గాలి వదిలే వాల్వు కూడా స్థిరపడ్డాయి. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి సూటులోని గాలి కుంచించుకుపోయి బట్ట మడతలు ఒంటిని నొక్కేస్తాయి. అందుకే దిగేటప్పుడు గాలి చేర్చాలి, పైకి వచ్చేటప్పుడు వదలాలి. ఆ తర్వాత బ్యూటైల్ రబ్బరును రెండు పొరల మధ్య ఉంచిన ట్రైలామినేట్ బట్ట, మురికి నీళ్లలో దిగేవాళ్ల కోసం నున్నటి వల్కనైజ్డ్ రబ్బరు సూటు వచ్చాయి. ఈ రబ్బరు సూటే మనకు సంబంధించినది. చలికోసం పుట్టిన దుస్తులు మురికినుంచి కాపాడే దుస్తులుగా మారాయి.

ఇక మన తీరానికి వస్తే, 1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ మీదికి నేవీ డైవర్లు దిగారు. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో చమురు, గ్యాసు తవ్వకాలతో కోనసీమ తీరానికి వృత్తి డైవర్ల పని వచ్చింది. 2009లో గ్యాసు మొదలైన డి-6 క్షేత్రం లాంటి లోతైన చోట్ల మనిషి దిగలేడు, యంత్రాలే దిగుతాయి.

నదిలో మాత్రం మనిషే దిగాలి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన ‘రాయల్ వశిష్ట’ లాంచీ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉంటే బతికినవాళ్లు 26 మందే. వాళ్లను గట్టున ఉన్న గిరిజనులు పడవల్లో వెళ్లి కాపాడారు. వరద వడికి, లోతుకు, సుడులకు సహాయ బలగాలన్నీ వారాల తరబడి లాంచీని అందుకోలేకపోయాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో పట్టు విడవకుండా ప్రయత్నించింది. చివర్లో విశాఖ డైవర్లు దిగి తాళ్లు కట్టారు. అక్టోబరు 22న లాంచీ బయటికి వచ్చింది. కృష్ణ మీద 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరదలో పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దుకుని ఇరుక్కున్నప్పుడు కూడా డైవర్లే నీళ్లలో దిగి వాటిని కోయాల్సి వచ్చింది. ఇలాంటి పనుల్లో మన ‘గజ ఈతగాళ్ల’ ధైర్యాన్ని పత్రికలు మెచ్చుకుంటాయి. వాళ్ల ఒంటి మీద ఏముందో మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. రోజుల తరబడి నీళ్లలో ఉన్న మృతదేహాన్ని చేతులతో పట్టి తెచ్చేవాడికీ, రాజమండ్రిలో నల్లా ఛానల్ మురుగు కలిసే చోట దిగేవాడికీ కళ్లలోకి, చెవుల్లోకి, ఒంటి గాయాల్లోకి ఆ నీళ్లు పోకూడదు.

ఇప్పుడు కొలతల సంగతి. చలిదేశాల సూటులో కింద మందపాటి ఉన్ని దుస్తులు వేసుకోవడానికి చోటు వదులుతారు. అదే సూటు మనవాడు పలుచటి బనీను మీద వేసుకుంటే ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది, ప్రవాహంలో బట్ట ఉబ్బి లాగుతుంది. హెల్మెట్టు రోజుల కాళ్ల తాళ్లు చెప్పిన సంగతే ఇది. కాబట్టి లోపల వేసుకోబోయే బనీను, పైజామాతోనే కొలవాలి. మనిషిని నిలబెట్టి ఒకసారి, గొంతుకు కూర్చోబెట్టి ఒకసారి కొలవాలి. బోర్లా పాకే మనిషికి మోకాళ్ల దగ్గర, చంకల కింద బట్ట సరిపోకపోతే చెయ్యి వాల్వుదాకా వెళ్లదు.

బట్ట విషయంలో నియోప్రీన్ వద్దంటాను, అది దాచే వేడి మనకు శిక్ష. నది మధ్యలో శుభ్రమైన చోట పనికి ట్రైలామినేట్ తేలిక, తొందరగా ఆరుతుంది. మురుగులోకి, శవాల వెతుకులాటకు వల్కనైజ్డ్ రబ్బరే. నున్నగా ఉంటుంది గనక క్రిమిసంహారక మందుతో కడిగితే మురికి నిలవదు. చిల్లు పడితే సైకిలు ట్యూబుకు పంక్చరు వేసినట్టు అక్కడికక్కడే అతుకు వేయొచ్చు. నలుపు రంగు మాత్రం వద్దు.

జిప్పు దగ్గర వాదన ఉంది. ముందువైపు ఏటవాలుగా ఉంటే డైవరు తనే వేసుకోగలడు. అయినా నేను వీపు జిప్పునే ఎంచుతాను. గోదారి అడుగున మనిషి బోర్లా పాకుతాడు, ముందున్న జిప్పు పళ్లలో సన్నటి ఇసుక చేరితే దాని పని అయిపోయినట్టే. తాడు పట్టుకునే మనిషి గట్టున ఎలాగూ ఉంటాడు, వేయడానికీ తీయడానికీ వాడున్నాడు. ఎండలో వంతు కోసం కూర్చున్న రెండో డైవరుకు ఆఖరి నిమిషందాకా జిప్పు తెరిచే ఉంచాలి, మీద నీళ్లు పోస్తుండాలి. మే నెలలో మూసిన రబ్బరు సూటులో నీళ్లలోకి దిగకముందే వడదెబ్బ తగలొచ్చు.

సూటుకు అతికిన టోపీ, ముఖమంతా మూసే మాస్కు, రింగులతో బిగించే పొడి చేతితొడుగులు మురుగు పనికి తప్పవు. గాలి వదిలే వాల్వు ఎడమ భుజం మీద, పైకి పొడుచుకు రాకుండా ఉండాలి. ఒండ్రు రేణువు ఒకటి దాని బిళ్ల కింద చిక్కినా నీళ్లు కారతాయి, అందుకే పని అయ్యాక మంచినీళ్లతో కడగాలి. జేబులు తొడల మీద, మూతలతో ఉండాలి. ఛాతీ మీద కొక్కేలు, పట్టీలు ఏవీ వద్దు. వలలో తగులుకునేవి అవే. వల కోసే కత్తెర మాత్రం రెండు చేతులకూ అందే చోట ఉండాలి. బూట్లు సూటుకే అతికి, చీలమండ దగ్గర పట్టీతో బిగుసుకోవాలి, లేకపోతే బురద లాగేస్తుంది.

మెడ, మణికట్టు పట్టీలు ఎక్కువ సూట్లకు లాటెక్స్‌వి. మెత్తగా, బిగువుగా ఉంటాయి గానీ మన ఎండ, ఉక్క, చెమట వాటిని తొందరగా జిగురు చేసి చీలుస్తాయి. రింగు మీద మార్చుకునే సిలికాన్ పట్టీలైతే గట్టునే ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. 2027 పుష్కరాలకు ఘాట్ల దగ్గర డైవర్లను నిలబెట్టేవాళ్లు సూట్లు కొనేటప్పుడు ఒక్కో సూటుకు రెండు జతల పట్టీలు అదనంగా కొనాలి. వాటిని టాల్కం పౌడరు రాసి నీడలో దాచి, వరదలకు ముందు ఒకసారి, వరదలు తగ్గాక ఒకసారి సాగదీసి చూసుకోవాలి.