అజంతా చిత్రముల ప్రతికృతులు – వెలుతురు సమస్య

ప్రాచీన చిత్రములకు ప్రతికృతులు సంపాదించుట వాని రక్షణకొరకే యని సామాన్యాభిప్రాయము. కాని ప్రతికృతికి వెలుతురు కావలెను. ఆ వెలుతురే మూలమునకు హాని చేయవచ్చును. ఈ వైరుధ్యమునకు అజంతా చరిత్రమే తార్కాణము.

అజంతా శిల్పులు మట్టి, వరిపొట్టు, నారపీచులు కలిపిన పూతపై సున్నపు పలుచని పొర నుంచి, అది ఆరిన పిదప బంకతో కలిపిన రంగులతో చిత్రములు రచించిరి. గుహలలోని కాంతి స్వల్పము. 1844లో నియుక్తుడైన రాబర్ట్ గిల్, 1872 మొదలు 1885 వరకు జాన్ గ్రిఫిత్స్ వీనికి వర్ణప్రతులు వ్రాయించిరి. రంగులు తేటపడుటకై చిత్రములపై వార్నిషు పూయబడెను. కాలక్రమమున నది నల్లబడి, పొరలుగా లేచి, రంగులను గూడ ఊడదీసెను. ప్రతులకును క్షేమము లేదయ్యెను: గిల్ ప్రతులలో పెక్కులు 1866లో సిడెన్‌హామ్ స్ఫటికసౌధమునందును, గ్రిఫిత్స్ ప్రతులలో అనేకములు 1885లో దక్షిణ కెన్సింగ్టన్ నందును దగ్ధములయ్యెను.

హైదరాబాదు ప్రభుత్వము 1920లో ఇటలీ నిపుణుడు లొరెంజో చెక్కోనిని రప్పించి, ఊడుచున్న పొరలను స్థిరపరపించెను. అనంతరము గులాం యజ్దానీ ఛాయాగ్రహణము నాధారముగా గొని 1930 – 1955 నడుమ నాలుగు భాగముల అజంతా గ్రంథమును ప్రకటించెను. ఇందు గోడపై క్రొత్తగా పూయవలసిన దేదియు లేదు. ఇక విచార్యము వెలుతురే. 1991లో బినయ్ బెహల్ మందకాంతిలోనే దీర్ఘకాలము కటకమును తెరచి యుంచి వర్ణచిత్రములు గ్రహించెను.

అయినను మందకాంతి సర్వదోషహరమని తలపరాదు. వెలుతురు వలని క్షయము దాని తీవ్రతను, కాలమును బట్టి కూడుచు పోవును. 50 లక్సుల కాంతి ఒక గంట, 500 లక్సుల కాంతి 6 నిమిషములు – రెండింటి మొత్తము సమానమే. మందకాంతివలన తప్పునది ముఖ్యముగా దీపముల వేడి. ఆ వేడికే పూత పొరలు అసమానముగా వ్యాకోచించి విడివడును.

మన తాళపత్రములకును ఈ న్యాయమే వర్తించును. దీపములను ఇరుప్రక్కల 45 డిగ్రీల కోణమున దూరముగా నిలిపి, అతినీలలోహిత కిరణములను వడకట్టి, చిత్రము తీయు క్షణములందే వెలిగింపవలెను. మసి చెదరిన ఆకుపై ఒక ప్రక్కనుండి ఏటవాలుగా కాంతి ప్రసరింపజేసినచో గంటపు గీతలు నీడలవలన కనబడును. అన్నిటికంటె ముఖ్యము, ఒక్కమారే సమగ్రముగా తీసి, ప్రతులను వేర్వేరు తావుల భద్రపరచుట. చక్కని ప్రతి యొక్కటి మూలమును నూరు మారులు వెలుతురున కీడ్చు అవసరమును తప్పించును. మూలమును చీకటిలో విశ్రమింపనిచ్చుటయే ప్రతికృతి పరమప్రయోజనము.