ఫైళ్లు, డంపు, పేరు: వెబ్‌సైటు తరలింపు పుట్టుపూర్వోత్తరాలు

తెర మీద ‘ఉదయగిరి’ అని ఉంటే చదివేవారికి అయిదక్షరాలు కనిపిస్తాయి. గుడులను వేరుగా లెక్కించే యూనికోడ్‌కు అవి ఏడు సంకేతాలు. యూటీఎఫ్8 అనే పద్ధతిలో సర్వరు డిస్కులోకి వెళ్లేసరికి అవే 21 బైట్లు. నెల్లూరు జిల్లా పడమటి కొండల్లోని ఈ ఊరి గురించి, కొండమీది కోట గురించి, ఇక్కడి ఆడవాళ్లు చెక్కే కొయ్య గరిటెల గురించి ఎవరైనా ఓ వెబ్‌సైటు పెట్టి, కొన్నేళ్లకు దాన్ని వేరే హోస్టింగ్‌కు మార్చారనుకుందాం. ఆ 21 బైట్లలో ఒక్కటి కూడా తేడా రాకుండా అవతలికి చేరాలి. ఈ రంగంలోని వాళ్లు ‘సైటు షిఫ్ట్ చేయడం’ అని తేలిగ్గా చెప్పే ఈ పని వెనుక యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

బయటికి ఒకటిగా కనిపించినా, సైటంటే ఫైళ్లు, డేటాబేస్, పేరు అనే మూడు వస్తువులు. మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. అందుకే ఇవాళ్టికీ మూడింటినీ విడివిడిగా కదపాలి.

ఫైళ్ల కథ వెబ్ కంటే ఇరవై ఏళ్లు పాతది. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైలు పంపే పద్ధతి ఎలా ఉండాలో 1971 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎంఐటీలో ఉన్న అభయ్ భూషణ్ ‘ఆర్ఎఫ్‌సీ 114’ అనే పత్రంలో రాశారు. అదే ఎఫ్‌టీపీ. ఆయన ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. నేడు ఫైల్‌జిల్లా ప్రోగ్రాము తెరిచి ఎడమవైపున్న ఫోల్డరును కుడివైపుకు లాగే ప్రతివారూ వాడుతున్నది ఆ పద్ధతి వారసత్వమే. అయితే ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్లేది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో పాస్‌వర్డ్‌ల దొంగతనం బయటపడ్డాక అక్కడి టాటూ యులనెన్, పాస్‌వర్డ్‌ను దాచి పంపే ఎస్ఎస్‌హెచ్ తయారుచేశారు. మరుసటి ఏడాదే ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ ఆర్‌సింక్ తెచ్చారు. మారిన భాగాలను మాత్రమే పంపడం దాని ప్రత్యేకత. ఫొటోలతో నిండిన సైటును ముందురోజు ఓసారి, మారే రోజు మరోసారి పంపాల్సి వస్తే రెండోసారి నిమిషాల్లో పని అయిపోతుంది.

పేరుది ఇంకో కథ. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లు, చిరునామాలు అన్నీ ఒకే ఒక ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నిర్వహించేది. యంత్రాలు పెరిగి ఆ జాబితా మోయలేనంత అయ్యాక, 1983లో పాల్ మోకపెట్రిస్, పేర్లను చిరునామాలతో కలిపే డీఎన్ఎస్‌ను రూపొందించారు. పేరు పాతదే ఉంటుంది, దాని వెనుక చిరునామా మారవచ్చు. హోస్టింగ్ మార్చుకునే వీలు ఇక్కడే పుట్టింది. పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువును టీటీఎల్ అంటారు. అది 86,400 సెకన్లుంటే మార్పు కొందరికి ఒక రోజు ఆలస్యంగా తెలుస్తుంది. అనుభవమున్నవారు తరలింపుకు ముందే దాన్ని 300కు తగ్గిస్తారు. ఆనాటి పేర్ల జాబితా కూడా పూర్తిగా పోలేదు. ప్రతి కంప్యూటర్‌లోనూ ‘హోస్ట్స్’ అనే చిన్న ఫైలుగా మిగిలింది. అందులో ఒక వరుస చేర్చుకుంటే, లోకమంతా పాత సర్వరునే చూస్తున్నా, తరలించేవారు మాత్రం కొత్త సర్వరులోని సైటును ముందుగా చూసుకోవచ్చు.

సైట్లలోకి డేటాబేస్ చివరిగా వచ్చింది. 1995లో మోంటీ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ మైఎస్‌క్యూఎల్ తెచ్చారు. డేటాబేస్ మొత్తాన్ని మామూలు రాతగా బయటికి తీయడాన్నే ‘డంప్ తీయడం’ అంటారు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పట్టికలు ఎలా కట్టాలో, వాటిలో ఏ వరుసలు నింపాలో ఆదేశాలుగా కనిపిస్తుంది. 1998లో టోబియాస్ రాట్‌షిల్లర్ పీహెచ్‌పీమైఅడ్మిన్ రాశాక ఈ పని బ్రౌజరులోకి వచ్చింది. అది నడిచే పీహెచ్‌పీ భాష సాధారణంగా 2 ఎంబీకి మించిన ఫైలును తీసుకోదు కాబట్టి, ఆ హద్దు పెంచని చోట పెద్ద డంపును ముక్కలు చేసి ఎక్కించేవారు. అప్పటికే, 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 వల్ల ఒకే చిరునామా మీద ఎన్నో సైట్లు నడిచే వీలు కలిగింది. హోస్టింగ్ ధర తగ్గింది, మార్చుకోవడాలు పెరిగాయి.

తెలుగు సైట్లకు మాత్రం నాలుగో చిక్కు ఉంది, అదే లిపి. 1998లో అమెరికాలోని తెలుగువారు ‘ఈమాట’ మొదలుపెట్టినప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగును తెలుగు ఫాంటులోకి మార్చి చూపేవారు. దినపత్రికలు తమ సొంత ఫాంట్లు వాడేవి, ఆ ఫాంటు లేనివారికి పిచ్చిగీతలే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక యూనికోడ్ తెలుగు మామూలు వాడుకరికి అందింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జునే, పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను కూడా రూపొందించారు. ఈమాట పాత సంచికలు నేడు యూనికోడ్‌లో చదవగలగడం ఇలాంటి మార్పిడి ఫలమే.

కానీ 2004లో 4.1 వెర్షన్ స్థిరపడేదాకా మైఎస్‌క్యూఎల్‌కు యూనికోడ్ తెలియదు. తెలుగు బైట్లు వెళ్లి ‘లాటిన్1’ అని ముద్ర ఉన్న పెట్టెలో కూర్చునేవి. ఆ తర్వాత కూడా చాలా సైట్లలో అదే ముద్ర కొనసాగింది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఒకే పొరపాటు కాబట్టి సైటు చక్కగానే కనిపించేది. డంప్ తీసిన రోజున ఆ ముద్రను నమ్మి యంత్రం మళ్లీ మార్పిడి చేస్తుంది. అప్పుడు ఉదయగిరిలోని ‘ఉ’ మూడు గుర్తులుగా విడిపోతుంది: నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు ఎ, డిగ్రీ గుర్తు, వెయ్యింట శాతం గుర్తు. ఉదయగిరిలో ఏడు సంకేతాలకూ డిగ్రీ గుర్తే వస్తుంది. ‘ఆత్మకూరు’ అనే ఊరిపేరులోనైతే పొల్లుకు, రెండు కొమ్ములకు దాని బదులు ప్లస్-మైనస్ గుర్తు వస్తుంది. ఇది బాగుపడే జబ్బే. డంపును లాటిన్1 గానే తీసి, అందులోని ముద్రను యూటీఎఫ్8గా దిద్ది ఎక్కిస్తే తెలుగు తిరిగి వస్తుంది. అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం ఆ బైట్లు పోయినట్టే. పాత సర్వరు ఇంకా బతికి ఉంటేనే దిక్కు.

సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరులో ఇంకో మెలిక. కొన్ని అమరికల్లో మాట పక్కనే దాని నిడివి కూడా బైట్లలో రాసి ఉంటుంది. ఉదయగిరికి 21, ఆత్మకూరుకు 24. డంపును ఎడిటరులో తెరిచి మాట మార్చి, అంకె మార్చకపోతే ఆ అమరిక చదవడానికి వీలుకాదు. అందుకే సైటు పేరును కూడా నేరుగా డంపులో కాకుండా, అంకెను సరిచేసే సాధనంతోనే మార్చాలి.

ఊళ్ల పేర్లతో మరో జాగ్రత్త కావాలి. ఆత్మకూరు నెల్లూరు జిల్లాలో ఉంది, నంద్యాలలో ఉంది, అనంతపురంలో ఉంది, తెలంగాణలోని వనపర్తిలోనూ ఉంది. 2008లో నెల్లూరు జిల్లా పేరుకు పొట్టి శ్రీరాములు పేరు చేరింది. 2014లో రాష్ట్రం రెండయింది. 2022 ఏప్రిల్‌లో గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్లగా కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. పేరునే ఆధారం చేసుకున్న పట్టికలు ఇలాంటి ప్రతి మార్పుకూ చిక్కుపడతాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ మండలానికీ గ్రామానికీ విడి సంకేత సంఖ్య ఉన్నది ఇందుకే. డేటాబేస్‌ను తరలించేవారు ఊరి పేరు కంటే ముందు ఆ సంఖ్యను కాపాడాలి.

2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చాక లాటిన్1 బదులు యూనికోడ్ ముద్ర అయిన యూటీఎఫ్8ఎంబీ4 మామూలు అమరిక అయింది. కొత్త సైట్లకు ఈ లిపి బాధ దాదాపు తప్పింది. పదిహేనేళ్ల కిందటి పట్టికలు మాత్రం పాత ముద్రతోనే తిరుగుతున్నాయి. ఒక్క మీట నొక్కితే సైటును మార్చేసే ప్లగిన్లు కూడా తరచు ఆ ముద్రనే నమ్ముతాయి. కనుక పాత హోస్టింగ్ రద్దు చేసే ముందు రెండువైపులా ప్రతి పట్టికలో వరుసల సంఖ్య పోల్చాలి, డంపు నకలు ఒకటి సొంత కంప్యూటర్‌లో ఉంచుకోవాలి, సైటులోని అన్నిటికంటే పాత తెలుగు పేజీని తెరిచి పొల్లులు, కొమ్ములతో సహా చదివి చూడాలి. ఈ మూడూ సరిగ్గా ఉన్నాకే పాత ఖాతా మూసేయాలి.