కాంగో రెడ్

కాంగో రెడ్ ప్రయోగశాలల్లో వాడే ఎర్రని కృత్రిమ అజో రంగు. పీహెచ్ 3 వద్ద నీలంగా, 5 దాటితే ఎర్రగా కనిపిస్తుంది కనుక ఇది ఆమ్ల సూచిక. కణజాలాల్లో పేరుకుపోయే అమిలాయిడ్ అనే అసహజ ప్రొటీన్‌ను గుర్తించే ప్రామాణిక రంజకం కూడా ఇదే. పొడవాటి పోగులను అంటిపెట్టుకునే గుణమే దీన్ని బట్టల అద్దకం నుంచి వ్యాధి నిర్ధారణ దాకా తీసుకొచ్చింది.

చరిత్ర

జర్మనీలో బేయర్ కంపెనీలో పనిచేసిన పాల్ బాటిగర్ 1883లో దీన్ని తయారుచేశాడు. అంతవరకు నూలుకు చాలా రంగులు పట్టాలంటే పటిక వంటి వర్ణస్థాపకాలు కావలసి వచ్చేవి. కాంగో రెడ్‌కు ఆ అవసరం లేదు. రంగు నీళ్లలో ముంచితే నూలు నేరుగా ఎర్రబడుతుంది. బేయర్ ఆసక్తి చూపకపోవడంతో బాటిగర్ పేటెంటును బెర్లిన్‌లోని అగ్ఫా కంపెనీకి అమ్మాడు. ఆఫ్రికాలో వలసల గురించి ఐరోపా దేశాలు 1884-85లో బెర్లిన్‌లో సమావేశమైన రోజులవి. జర్మనీలో అందరి నోటా వినిపిస్తున్న కాంగో పేరునే అగ్ఫా ఈ రంగుకు పెట్టింది. ఆ ప్రాంతంతో రంగుకు వేరే సంబంధం లేదు.

నిర్మాణం, రంగు మార్పు

బెంజిడిన్‌ను డయాజోటీకరించి, రెండు నాఫ్థియోనిక్ ఆమ్ల అణువులతో కలిపితే కాంగో రెడ్ వస్తుంది. దీని అణువు పొడవుగా, దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. రెండు అజో బంధాలు రంగునిస్తే, రెండు సల్ఫోనేట్ సమూహాలు నీటిలో కరిగే గుణాన్నిస్తాయి. ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లు చేరి అణువులోని ఎలక్ట్రాన్ల అమరికను మారుస్తాయి. అందుకే ఎరుపు నీలమవుతుంది.

ఈ మార్పును సజీవ కణంలోనే చూడవచ్చు. కాంగో రెడ్ పట్టించిన ఈస్ట్‌ను పారమీషియానికి మేతగా ఇస్తే, అది మింగిన ఆహారం ఆహారరిక్తికల్లోకి చేరుతుంది. అక్కడ ఆమ్లత పెరిగేకొద్దీ ఎర్రని ఈస్ట్ నీలిరంగుకు తిరుగుతుంది. ఆమ్లత తగ్గాక మళ్లీ ఎర్రబడుతుంది. కణంలో జీర్ణక్రియ ఎలా సాగుతుందో ఇంత సులువుగా కళ్లకు కట్టే ప్రయోగాలు అరుదు.

అమిలాయిడ్ పరీక్ష

కొన్ని ప్రొటీన్లు సహజమైన మడతలను కోల్పోయి బీటా పొరలుగా పేరుకుని, కరగని సన్నని అమిలాయిడ్ పోగులవుతాయి. అవి మూత్రపిండాలు, గుండె, కాలేయం, నరాల్లో చేరి ఆ అవయవాల పనిని దెబ్బతీస్తాయి. క్షయ, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి దీర్ఘకాలిక జబ్బులు కూడా దీనికి దారితీయవచ్చు.

కాంగో రెడ్ అమిలాయిడ్‌కు అంటుకుంటుందని 1922లో హాన్స్ బెన్‌హోల్డ్ కనుగొన్నాడు. అలా అంటుకున్న రంగు ధ్రువణ కాంతిలో పచ్చగా మెరుస్తుందని 1927లో బెల్జియానికి చెందిన పాల్ డివ్రీ చూపాడు. పోగుల వెంట రంగు అణువులు ఒకే దిశలో బారులు తీరడమే ఆ మెరుపునకు కారణం.

హోల్డా పుక్ట్లర్ బృందం 1962లో వెలువరించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. అందులో ఉప్పు, క్షారం కలిపిన ఆల్కహాల్ ద్రావణం వాడతారు. ఉప్పు ఇతర ప్రొటీన్లకు రంగు అంటకుండా అడ్డుకుంటుంది. కణజాలాన్ని మామూలు కంటే మందంగా, 8 నుంచి 10 మైక్రాన్లు ఉండేలా కోస్తారు. మరీ పలచనైతే పచ్చదనం సరిగా కనిపించదు. కొల్లాజెన్ కూడా మెరుస్తుంది గానీ ఆ మెరుపు తెల్లన. పొరపాటు జరగకుండా, అమిలాయిడ్ ఉందని ముందే తెలిసిన స్లైడ్‌ను పక్కనే రంజనం చేసి పోల్చుకోవాలి. మూత్రపిండం, గుండెల నుంచి ముక్క తీసేముందు పొట్ట కొవ్వును సూదితో తీసి ఇదే పరీక్ష చేసే వీలుంది.

సూక్ష్మజీవ శాస్త్రంలో

నూలు సెల్యులోజే కనుక, సెల్యులోజ్‌ను జీర్ణం చేసే బాక్టీరియాను వెతకడానికీ ఈ రంగు పనికొస్తుంది. సెల్యులోజ్ కలిపిన అగార్ మీద కాంగో రెడ్ పోసి ఉప్పునీటితో కడిగితే, సెల్యులోజ్ అరిగిపోయిన చోట మాత్రమే రంగు నిలవక కాలనీ చుట్టూ లేతరంగు వలయం ఏర్పడుతుంది.

వేరుశనగ, కంది వంటి పైర్లకు జీవ ఎరువుగా ఇచ్చే రైజోబియంను వేరుచేసేటప్పుడు కూడా దీన్ని మాధ్యమంలో కలుపుతారు. రైజోబియం కాలనీలు రంగును అంతగా పీల్చుకోక తెల్లగా ఉంటాయి. మట్టిలోని ఇతర బాక్టీరియా చాలావరకు ఎర్రబడతాయి. మానెవల్ పద్ధతిలో బాక్టీరియా గుళికలను చూపే నేపథ్యపు రంగు కూడా కాంగో రెడ్డే. అక్కడ మానెవల్ రంజకంలోని ఆమ్లం దాన్ని నీలంగా మారుస్తుంది. ఆ నీలం మధ్య గుళికలు రంగులేని వలయాలుగా కనిపిస్తాయి.

జాగ్రత్తలు

పేగుల్లోని బాక్టీరియా కాంగో రెడ్‌ను విడగొడితే బెంజిడిన్ వెలువడుతుంది. అది మూత్రాశయ క్యాన్సర్ కారకం. దానికితోడు, ఆమ్లం తగిలితే బట్ట రంగు మారిపోతుంది. ఈ కారణాల వల్ల అద్దకంలో దీని వాడకం అంతరించింది. ప్రయోగశాలలో పొడిని తూచేటప్పుడు గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకుండా రసాయన వ్యర్థాల డబ్బాలో వేయాలి.